పన్నెండు ఫోటోలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు నన్ను తడ దగ్గరున్న ఒక జపాను కంపెనీ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. అక్కడ గోడకు క్యాలెండరు తగిలించాలన్నా నా సంతకం కావాలి. ఆ అధికారం నాకు కాస్త ఎక్కువగానే నచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒకసారి క్యాంటీన్ గోడకని పన్నెండు ఫోటోలు వచ్చాయి. తీసినాయన జపానులోనే పెద్దగా ఎవరికీ తెలియని ముసలి ఫోటోగ్రాఫరు. జీవితమంతా రేవు హమాలీలను, ఇళ్ల కప్పులు నేసేవాళ్లను, చేపలు కోసే ఆడవాళ్లను ఫోటోలు తీశాడు. గోడ మీద తన ఫోటోలు చూసుకోవడానికి మరునాడు స్వయంగా వస్తున్నాడు. నేను చెక్‌లిస్టు పట్టుకుని కూర్చున్నాను. ఒకరికి హెల్మెట్ లేదు, ఒకరికి నడుముకు బెల్టు లేదు, చాలామందికి కాళ్లకు చెప్పులే లేవు. పదింటిని తిరస్కరించాను. మిగిలిన రెండింటిలో ఒకాయన అన్నం తింటున్నాడు, ఇంకొకాయన నిద్రపోతున్నాడు.

క్యాంటీన్ చూసుకునే మరియమ్మ ఊరుకోలేదు. "ఏంది సార్, మా నాయన కూడా చెప్పుల్లేకనే మూటలు మోసినాడు. ఆయన ఫోటో ఒక్కటి లేదు మాకాడ. వీళ్లవన్నా ఉండనీండి" అంది. నాకు సిగ్గేసింది. అయినా రూలు దాటలేను గనుక, ప్రతి ఫోటో కింద 'ఇందులో లోపమేమిటో చెప్పండి' అని చీటీ అంటించి, శిక్షణ సామగ్రి పేరుతో అన్నింటికీ అనుమతి ఇచ్చాను.

మరునాడు అనువాదకురాలు ఆ చీటీలు చదివి వినిపిస్తుంటే పెద్దాయన నొచ్చుకుంటాడేమోనని భయపడ్డాను. ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహంలో, వంకరగా ఉన్న ఒక ఫోటోను సరిచేద్దామని పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ ఎక్కాను. వెనక కెమెరా చప్పుడు వినిపించింది.

నెల తిరక్కుండానే పదమూడో ఫోటో పోస్టులో వచ్చింది. మునివేళ్ల మీద నేను, నా కింద కాళ్లు వంగిపోతున్న కుర్చీ. హెల్మెట్ మాత్రం పెట్టుకున్నాను. మరియమ్మ చీటీతో సహా సిద్ధమై వచ్చింది. "రూలు అందరికీ ఒకటే గదా సార్" అంది. సంతకం పెట్టాను.

భోజనాల వేళ ఒక ఫిట్టరు ఆ ఫోటో ముందు నిలబడి, సారు నిచ్చెన ఎందుకు తెచ్చుకోలేదని అడిగాడు. నిచ్చెన స్టోరులో ఉంటుంది. దాన్ని బయటికి తీయాలంటే ముందురోజే నాకు దరఖాస్తు పెట్టాలి. అలాంటి కుర్చీలే ఎక్కినందుకు ఆ ఏడాది ముగ్గురికి మెమోలు ఇచ్చింది కూడా నేనే.

మెమోలు మూడూ రద్దు చేసి, నిచ్చెనను క్యాంటీన్ పక్కకు మార్పించాను. ఒక మనిషి మీద తప్పు రాసే ముందు, అతనికి నిచ్చెన ఎంత దూరంలో పెట్టామో కొలిచి చూడాలి. ముప్పై ఏళ్లు చేసిన ఉద్యోగంలో ఆ సంగతి నాకు ఆఖర్న తెలిసింది.