శవపేటిక మీద కొంగ

మొన్న రావులపాలెం బస్సులో పక్క సీటావిడ తలనొప్పి మందు డబ్బా మూత తీసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే సువార్తమ్మగారు నా వెనక నిలబడి కంప్యూటర్‌లోకి వంగి చూస్తున్నట్టనిపించి, నిటారుగా సర్దుకు కూర్చున్నాను. అప్పట్లో అమలాపురంలో మా పత్రిక జిల్లా పేజీలకు ఆవిడ ఇన్‌ఛార్జి. నేను సబ్ ఎడిటర్‌గా కొత్తగా చేరాను. ఏ ఫోటో వచ్చినా ఆవిడ ముందు నుదుటికి ఆ మందు రాసుకునేవారు. తర్వాత ఫోటోను పెద్దది చేసి, టికెట్ కొనని ప్రయాణికుణ్ణి వెతికే కండక్టర్‌లా మూలమూలా చూసేవారు.

కాస్త వెలుగు పెంచితే ఒప్పుకునేవారు. ఉన్నది తీసేసినా, లేనిది పెట్టినా ఆ ఫోటో పేజీలోకి వెళ్ళేది కాదు. అంచులు కత్తిరించినా అనుమానమే. ఒకసారి అల్లవరం నుంచి ఒక సభ ఫోటో వచ్చింది, నిండా జనం. "దీనికి కుడిపక్క ఏముందండీ?" అని పంపినాయనకు ఫోన్ చేశారు. "ఏవీ లేదండి, ఖాళీ కుర్చీలండి" అన్నాడాయన. "ఆయ్, ఆ కుర్చీలే కావాలండి నాకు" అన్నారావిడ.

అందరికంటే ఎక్కువ అనుమానం రాంబాబుగారి మీద. కొత్తపేట వైపు నుంచి మాకు ఫోటోలు పంపేవారాయన. నేను చేరకముందు, చర్చి పండగ ఫోటోలో గోపురానికి అడ్డంగా ఉన్న కరెంటు తీగలు చెరిపేసి పంపారట. అందం కోసమే చెరిపానని ఆయన చెప్పినా, ఆనాటి నుంచి ఆయన ఫోటో వస్తే ఆవిడ రెండోసారి మందు రాసుకునేవారు.

ఆ ఏడు గోదావరి పొంగి ఏటి మధ్య లంకలు మునిగాయి. కొత్తపేట వైపు లంకలో ఒక పెద్దాయన పోతే, సమాధుల తోటకు పడవలో తీసుకెళ్ళారు. రాంబాబుగారు ఆ ఫోటో పంపారు. నీళ్ళ మధ్య పడవ, పడవలో శవపేటిక, దాని మీద తల వైపున ఒంటరిగా ఒక తెల్ల కొంగ. వెనక కూర్చున్న కూతురు దాన్నే చూస్తోంది.

"కొంగ బాగా కుదిరిందమ్మా" అన్నారు సువార్తమ్మగారు. "మరీ బాగా కుదిరింది."

రాంబాబుగారికి ఫోన్ చేసి అసలు ఫోటో అడిగారు. కెమెరా నీళ్ళలో పడి పాడైందని, మాకు పంపిందొక్కటే మిగిలిందని ఆయన చెప్పారు. "కావాలంటే వాళ్ళింట్లో అడగండి మేడమ్" అన్నారు. ఆవిడ ఫోన్ పెట్టేసి, "చావింటికి ఫోన్ చేసి కొంగ సంగతి అడుగుతామా?" అని నిట్టూర్చారు. ఆ ఫోటో వెయ్యలేదు. దాని చోట మునిగిన రోడ్డు ఫోటో వేశాం.

వరద తీశాక ఆ కూతురు మా ఆఫీసుకు వచ్చింది. "మా నాన్నగారి ఫోటో వేస్తారని రాంబాబుగారు చెప్పేరండి. మా తమ్ముడు కువైట్ నుంచి రాలేకపోయేడు. ఫోన్‌లో పేపరు తెరిచి వెతుక్కున్నాడండి. ఎందుకు వెయ్యలేదండి?"

"కొంగ నిజంగానే వాలిందా అమ్మా?" అని అడిగారు సువార్తమ్మగారు.

ఆ అమ్మాయి ఫోన్ తీసి ఒక వీడియో పెట్టింది. పడవలో ఎవరో తీసింది. నీళ్ళ చప్పుడు, సన్నగా ప్రార్థన పాట. కొంగ వచ్చి పెట్టె మీద వాలింది. ఒకాయన చెయ్యెత్తి అదిలించబోతే, "ఉండనియ్యండి బాబాయ్" అన్న ఈ అమ్మాయి గొంతు వినిపించింది.

"దీనికి కూడా మీకు సాక్ష్యం కావాలాండి?" అంది, ఏడుపు ఆపుకుంటూ.

సువార్తమ్మగారు లేచి చేతులు జోడించారు. "తప్పయిపోయిందమ్మా." మర్నాడు ఆ ఫోటో మొదటి పేజీలో వచ్చింది. కింద ఆవిడే రాశారు, అనుమానించి ఆపామని, ఆ అనుమానం తప్పని, మమ్మల్ని క్షమించమని ఆ కుటుంబాన్ని వేడుకుంటున్నామని.

ఆ మధ్యాహ్నం రాంబాబుగారు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఒక్కసారి తీగలు చెరిపేనని ఎప్పటికీ దొంగనేనాండి?"

"ఆ రోజు మీరు తీగలొక్కటే కాదు రాంబాబుగారూ, ఈ కొంగని కూడా చెరిపేసేరండి" అన్నారావిడ మెల్లగా. ఆయన వెళ్ళిపోయారు. మళ్ళీ మాకు ఫోటోలు పంపలేదు.

ఇకనైనా జనాన్ని కొంచెం నమ్మొచ్చు కదండీ అన్నాను ఆవిడతో.

"అనుమానపడినందుకు కాదమ్మా నాకు సిగ్గు. అనుమానం పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. కొత్తపేట ఎంత దూరమని?" అన్నారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, సందేహం వస్తే ఆటో ఎక్కేసేవారు.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఆ పేజీలు నేను చూస్తున్నాను. ఏ కెమెరా తియ్యని ఫోటోలు కూడా వస్తున్నాయి, మనుషులు, వరద, కన్నీళ్ళు అన్నీ యంత్రం అల్లినవే. దేన్నీ ముందు నమ్మను. ఇది సుఖమైన బుద్ధి కాదు. మేనకోడలి పెళ్ళి ఫోటోలు కూడా పెద్దవి చేసి చూసి, ఇంట్లో మాటలు పడ్డాను.

పోయిన వారం ఒక లంక నుంచి ఫోటో వచ్చింది. గట్టు కోసుకుపోయి, కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా ఏట్లోకి ఒరిగి ఉన్నాయి. పంపినావిడకు ఫోన్ చేసి, ఎప్పుడు తీశారు, ఎక్కడ నిలబడి తీశారు అని అడుగుతూ పోయాను.

"మా మీద నమ్మకం లేదాండి?" అంది చివరికి.

"లేదండి. మీరక్కడే ఉండండి, వస్తున్నాను" అని చెప్పి, చెప్పులేసుకున్నాను.