మా మేనత్త దాచిన కిటికీలు

మా మేనత్త ఇక లేదని మంగళవారం పొద్దున జనగామ నుంచి ఫోనొచ్చింది. నేను భూపాలపల్లిలో డ్యూటీకి బయల్దేరుతున్నాను. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయింది. నాకు ఏడుపు రాలేదు. బస్సెక్కాక పక్క సీటాయనకు "మా మేనత్త ఫోటోగ్రాఫరు" అని చెప్పుకున్నాను. ఆయన అడగనే లేదు.

ఆమె దగ్గర చెక్కపెట్టె నిండా పాత వ్యూఫైండర్లు ఉండేవి. విశాలంగా చూసే లెన్సు బిగిస్తే, ఆ కాలపు కెమెరాకున్న కంతలోంచి దృశ్యమంతా కనిపించదు. అందుకని అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ఇంకో అద్దాల కంతను కెమెరా నెత్తిన తగిలించేవాళ్లు. అదే వ్యూఫైండర్. అత్త మాత్రం వాటిని కిటికీలనేది. మానుకోటలో మూసేస్తున్న స్టూడియోలోంచి, హైదరాబాద్ పాతసామాను కొట్లలోంచి వెతికి తెచ్చుకునేది. కెమెరా కూడా ఇస్తామంటే వద్దనేది.

ఆమెకు ఆ కిటికీలే ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. అది సాయుధ పోరాటం నాటి సంగతి. మా తాతకు జనగామలో ఫోటో స్టూడియో ఉండేది. అత్తకు అప్పటికి పెళ్లి కాలేదు, ఆయన దగ్గరే పని నేర్చుకుంది. ఒకనాడు పోలీసు అధికారి వచ్చి, కొడకండ్ల దిక్కు ఒక లంబాడీ తండాలో మగవాళ్లందరినీ ఫోటో తీయాలన్నాడు. ఆ ఫోటో పట్టుకుని, పోరాటం నడిపే సంఘంలో తిరిగేవాళ్లను ఆనవాలు పట్టాలని వాళ్ల ఆలోచన. తాత జ్వరంతో లేవలేకుండా ఉన్నాడు. "నేనొస్త" అని అత్త జీపెక్కింది.

తండా ముందర, జొన్న కోసిన చేన్లో జనాన్ని నిలబెట్టారు. ఒక ముసలాయన అత్త చేతిలో కెమెరా చూసి, పాపం, అంగీ గుండీలు పెట్టుకున్నాడట.

"గా గుండీలు చూసినంక నా పాణం ఒప్పలేదు బిడ్డా" అనేది అత్త.

ముఖాలు స్పష్టంగా వచ్చే లెన్సు సంచిలోనే ఉంచి, విశాలంగా చూసేది బిగించింది. పైన కిటికీ తగిలించి అధికారికి చూపించింది.

"అందరు పడుతున్నరా సార్?"

"ఆ చివరోళ్లు పడతలేరు. ఒక్కడు కూడా తప్పొద్దు."

"అయితే జర ఎనకకు పోత."

వెనక్కి, ఇంకా వెనక్కి, చేను గట్టు దాకా నడిచి అక్కణ్నుంచి తీసింది.

ఫోటో కడిగితే ఆకాశం, నేల, గుడిసెలు, నడుమ నువ్వు గింజలంత మనుషులు. ఎంత పెద్దది చేసినా ముఖాలు మసకే. అధికారి స్టూడియోకొచ్చాడు.

"ఏంది గిది?"

"మీరు అందర్ని ఒక్కదాంట్ల పట్టియ్యమన్నరు. పట్టిచ్చిన."

చెంప మీద కొట్టాడు. కెమెరా, లెన్సులు తీసుకుపోయాడు. ఇంకో ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని వాళ్లు మళ్లీ తండాకు పోయేసరికి, వెతుకుతున్న మనుషులు అడవిలోకి దాటిపోయారు. మా స్టూడియో మూతబడింది. అత్త ముందే తీసి కొంగున ముడేసుకున్న కిటికీ ఒక్కటే మిగిలింది. తాత కోప్పడతాడని ఆమె భయపడిందట. ఆయన ఆ ఫోటోను చాలాసేపు చూసి, "మంచిగొచ్చింది బిడ్డా" అన్నాడు. అంత గొప్ప మెచ్చుకోలు తనకు మళ్లీ దొరకలేదనేది అత్త.

"కెమెరా గుంజుకపోయిండ్రు. చూసుడు గుంజుకపోలేదు గద" అని నవ్వేది.

ఇంటికొచ్చిన పిల్లలందరి చేతికీ ఒక కిటికీ ఇచ్చేది. "నడుమ ఉన్నోళ్లు ఎట్లన్న కనవడ్తరు. అంచుల ఎవలున్నరో చూడు" అనేది. ఇవాళ్టికీ పెళ్లికి పోయినా, మీటింగుకు పోయినా నా చూపు ముందు ఆ చివర్లకే పోతుంది.

నేను చేరేసరికి తండావాళ్లు ట్రాక్టర్లలో వచ్చి ఉన్నారు. ఆనాడు అడవికి దాటినవాళ్ల మనవలు మమ్మల్ని అడిగి, పాడెకు భుజం పట్టారు. వెనకాల వాళ్ల ఆడవాళ్లు తమ భాషలో రాగం తీసి ఏడుస్తూ నడిచారు. మాకు ఒక్క మాట అర్థం కాలేదు. బజారు పొడుగునా దుకాణాలవాళ్లు తూకాలు ఆపి, బయటికొచ్చి నిలబడ్డారు.