నేను రాసిన రెండు చీటీలు

ఐదో తరగతి దాకా చదివిన చేయి నాది. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పు చెప్పుకోవడానికి రాస్తున్నాను కాబట్టి ఎలా వస్తే అలా రాస్తాను.

తెలంగాణ కోసం కొట్లాట జరుగుతున్న రోజులు. జనగామలో ఒక పీజీ కాలేజీలో నేను ఆయాను. గదులు ఊడ్చి, బోర్డులు తుడిచేదాన్ని. ఒక సారు పిల్లలకు నిర్ణయం తీసుకోవడం నేర్పేవాడు. బోర్డు మధ్యలో గీత గీసి, ఒకవైపు లాభాలు, ఇంకోవైపు నష్టాలు రాయించేవాడు. "ఫలితం ఎవరు మోస్తరో నిర్ణయం వాళ్లదే. ఇంకొకరు వేలు పెట్టొద్దు" అనేవాడు. తలుపు దగ్గర నిలబడి నేనూ వినేదాన్ని.

అంతలో పరీక్షలు వచ్చాయి. బహిష్కరించాలని పిల్లలంతా అనుకున్నారు. కాటారం దిక్కు నుంచి వచ్చిన ఒక పిల్ల మాత్రం తేల్చుకోలేకపోయింది. ఈ ఏడు తప్పితే చదువు మాన్పిస్తామని ఇంట్లో చెప్పారు. రాస్తే తోటివాళ్లకు ద్రోహం. కాగితం మీద గీత గీసి రెండు వైపులా నింపింది. ఎటూ మొగ్గలేదట.

"అక్కా, చీటీలేద్దాం. నేను రాస్తే మడత గుర్తు పడత. నువ్వే రాయి" అంది పరీక్ష ముందురోజు.

"సారు ఒప్పుకుంటడా బిడ్డా?"

"సారుకేం పోయింది? ఆయన పరీక్షలు ఎన్నడో అయిపోయినయి గద!"

ఇద్దరం నవ్వాం. మా దిక్కు ఎటూ తేలనిదానికి దేవుని ముందు చీటీలు వేస్తారు. వచ్చినదాన్ని కాదనరు. ఒకదాని మీద 'పరీక్షకు పోవాలె' అని రాశాను. రెండోది రాయబోతే నన్ను బడి మాన్పించిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు నన్ను ఎవరూ అడగలేదు. దాని మీద కూడా 'పోవాలె' అనే రాశాను.

ఆఫీసు గదిలో దేవుని పటం ముందు వేశాం. ఆ పిల్ల కళ్లు మూసుకుని ఒకటి తీసింది. రెండోదాన్ని నేను కొంగున ముడి వేసుకున్నాను.

మర్నాడు గేటు దగ్గర ఆ పిల్లకు హాస్టల్లో తన గదిలోనే ఉండే స్నేహితురాలు ఎదురైంది. "ఏందే, మేం రోడ్డు మీద కూసుంటే నువ్వు లోపల కూసుంటవా? పో, రాస్కో పో" అంది. అందరూ దారి ఇచ్చారు. ఆ రోజు నుంచి మెస్సులో ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోలేదు.

కొన్నాళ్లకు మిగతావాళ్లకు మళ్లీ పరీక్ష పెట్టారు. అందరూ రాశారు. ఆ పిల్ల అప్పటికే పాసైంది గానీ ఇక చదవనంది. బస్టాండు దాకా సంచి పట్టుకుని వెంట నడిచాను.

"పరేషాన్ గాకక్కా. దేవుడే పొమ్మన్నడు. నా అంతట నేను పోయుంటే ఏడ్సేదాన్ని."

దేవుడు కాదు, నేనని నోటి దాకా వచ్చింది. బస్సు వచ్చింది. సంచి అందించాను.

మరుసటి ఏడు సారు కొత్త పిల్లలకు అదే పాఠం చెప్పాడు. ఆ సాయంత్రం బోర్డు తుడవడానికి నాకు చెయ్యి లేవలేదు.