థర్మోకోల్ గృహప్రవేశం

ఎనభైల్లో, సివిల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో, ఇటుకంటే నాకు మహా చిన్నచూపు. మనిషి చంద్రుడి మీద తిరిగొచ్చాక కూడా మనవాళ్ళింకా మట్టి కాల్చి గోడలు కడుతున్నారేమిటని తెగ బాధపడేవాణ్ణి. (ఆ బాధ పంచుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.) అప్పట్లో గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు కట్టే ఒక కంపెనీలో నా ఉద్యోగం. రెండు రేకుల మధ్య థర్మోకోల్ పెట్టి ఫ్యాక్టరీలోనే పలకలుగా చేసి లారీలో పంపేవాళ్ళు. వాటిని ఒకదాని పక్కన ఒకటి బిగిస్తే గోడ లేచేది. బయట ఎండ మండిపోతున్నా లోపల హాయిగా ఉండేది. మిరపకాయలకే ఇంత వైభోగమైతే మనుషులేం పాపం చేశారని ఒక మధ్యాహ్నం నాకు జ్ఞానోదయమైంది. (లోపల చల్లబరిచే మిషను కూడా ఉంటుందన్న సంగతి ఆ జ్ఞానోదయంలో లేదు.)

ఆ జ్ఞానానికి మొదట దొరికినవాడు మా పెదనాన్న. చిలకలూరిపేట దగ్గర పల్లెలో పత్తీ మిరపా పండించేవాడు. అక్కడిదంతా నల్లరేగడి నేల. వేసవొస్తే నేల నెర్రెలిచ్చేది, దాంతోపాటు ఇంటి గోడలూ పగిలేవి. ఆ పగుళ్ళు పూడ్చి పూడ్చి విసిగిపోయిన మనిషి ముందు డ్రాయింగు పరిచి, "తేలిక గోడలు పెదనాన్నా! పగిలే ప్రశ్నే లేదు" అన్నాను.

"రేకు డబ్బాలో కాపురమేంట్రా? ఊళ్ళోవాళ్ళు నవ్వరూ?" అంది పెద్దమ్మ.

"నువ్వుండవే. చదువుకున్నోడు చెప్తున్నాడు" అన్నాడు పెదనాన్న. ఆ ఒక్క మాటకి నా ఛాతీ చొక్కాలో పట్టలేదు.

లారీ వచ్చింది, వారం తిరక్కుండా ఇల్లు లేచింది. ఊరు ఊరంతా వచ్చి గోడల్ని వేళ్ళతో కొట్టి, డబడబమంటుంటే నవ్వుకుంటూ పోయేవాళ్ళు. కిటికీలు పెడితే చల్లదనం పారిపోతుందని నేను ఒక్కటీ పెట్టలేదు. వెలుతురికి ట్యూబులైట్లు ఉన్నాయిగా! వీధి తలుపు కూడా కోల్డ్ స్టోరేజీ తలుపే. చుట్టూ రబ్బరు, బయట పెద్ద పిడి. లోపలి పిడి ఇంకా రాలేదు. తర్వాత బిగిద్దామనుకున్నాను.

గృహప్రవేశం నాడు ముందు ఆవుని లోపలికి తోలారు. వెనక మేమూ వెళ్ళాం. పురోహితుడుగారు హోమం మొదలుపెట్టారు. (హోమగుండానికి మాత్రం ఇటుకలు తప్పలేదు.) పెద్దమ్మ వంటల దగ్గర పురమాయించడానికి బయటికి వెళ్ళింది. అదే సమయమని నేను లేచి, "ఇప్పుడు చూడండి చల్లదనం!" అంటూ అంచు పట్టుకుని తలుపు లాగేశాను. టప్పున మూసుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

చీకట్లో హోమం వెలుగొక్కటే. పొగ పైకి లేచి, దారి లేక మా మీదికే దిగింది. మంత్రం దగ్గులో కలిసి "స్వా... ఖళ్... హా" అయింది. "ఏమయ్యా ఇంజనీరూ, పొగ పోయే దారెక్కడ?" అన్నారు పురోహితుడుగారు. తలుపంతా తడిమాను. నున్నటి రేకు. గట్టిగా బాదాను. అరిచాను. నా గోడలు ఎంత గొప్పవంటే, ఒక్క కేకా స్పష్టంగా దాటలేదు. (పెద్దమ్మకి బాదుడు మాత్రం వినిపించిందట. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ గోడలు కొట్టి చూస్తున్నారనుకుందట.)

"ఒరేయ్, తలుపు తియ్యరా!" అన్నాడు పెదనాన్న. నేను లేని పిడి కోసం మళ్ళీ తడిమాను. ఇంతలో ఆవు బెదిరిపోయి మూల పలకని కొమ్ములతో ఒక్క కుమ్ము కుమ్మింది. మరో కుమ్ముకి పలక ఊడి పెరట్లో పడింది. బయట ఉన్నవాళ్ళకి ముందు ఆవు కనిపించింది, తర్వాత పొగ, ఆ తర్వాత పిలక సర్దుకుంటూ పురోహితుడుగారు. తెల్లటి థర్మోకోల్ పూసలు అందరి నెత్తిన తలంబ్రాల్లా పడ్డాయి. ఊరు విరగబడి నవ్వింది. భూమిలోకి దిగిపోదామంటే నేలంతా నేను వేయించిన సిమెంటే.

"ఆవుకున్న బుద్ధి లేకపోయిందిరా నీకు!" అంది పెద్దమ్మ.

పెదనాన్న కండువాతో కళ్ళు తుడుచుకుని ఆ సందు దగ్గర నిలబడ్డాడు. చేల మీదుగా గాలి వచ్చింది. కాసేపు అలాగే పీల్చుకుని, అందరికీ వినపడేలా, "అబ్బాయ్, కిటికీకి ఇదే మంచి చోటు. ఇక్కడే పెట్టు" అన్నాడు.

పెట్టాను. మిగిలిన మూడు వైపులా కూడా పెట్టాను. ఆ ఇంటి గోడలు ఎన్నడూ పగల్లేదు. నవ్వినవాళ్ళే వేసవి మధ్యాహ్నాలు చాపలు పట్టుకొచ్చి ఆ ఇంట్లో కునుకు తీసేవాళ్ళు. కొత్తవాళ్ళెవరైనా వస్తే పెదనాన్న, "గోడలు మావాడు పెట్టాడు, కిటికీ ఆవు పెట్టింది" అని గర్వంగా చెప్పేవాడు.

ఇప్పుడు పెదనాన్న లేడు. ఆ తర్వాత నేను చాలా ఇళ్ళు గీశాను. ప్రతి దానికీ నూటొక్క అనుమానాలు, నూటొక్క జాగ్రత్తలు. అప్పుడప్పుడూ, మెళ్ళో కొలతల టేపు వేసుకుని అంత ధీమాగా తలుపు లాగేసిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఎందుకో వాడి మీద కోపం రాదు. అంత నమ్మకంగా నేను మళ్ళీ ఏ తలుపూ మూయలేదు.