మా వదిన కాలు జారలేదు

మా వదిన పోయి నేటికి పదకొండు రోజులు. మా అన్న భార్య. కాలు జారి పడిందని ఊరంతా అంటోంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతోంది. నా చదువు నాలుగో తరగతితోనే ఆగింది. అయినా రాస్తున్నాను. నోటితో చెబితే ఎవరూ నిలబడి వినడం లేదు.

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో నన్ను స్లాబు పనికి తీసుకుపోయింది ఆమే. పైకి మాలు, అంటే కలిపిన కాంక్రీటు, మోయడానికి చెక్కలను ఇనుప తీగతో కట్టి ఏటవాలుగా దారి వేస్తారు. ర్యాంపు అంటారు. అడుగు వేస్తే ఊగుతుంది. మొదటిరోజు నెత్తిన తట్టతో మధ్యలో ఆగిపోయి ఏడ్చాను.

"ఆగితేనే పడ్తవు పిల్లా. చెక్క ఊగితె నువ్వు గూడ ఊగు. దానితోని కొట్లాడకు. నా తిట్లు ఇనుకుంట నడువు," అంది వెనక నుంచి. పైదాకా తిడుతూనే ఉంది. తిట్లలో మా అత్తను కూడా కలిపింది. నవ్వొచ్చి భయం మరిచాను.

పని మొదలయ్యే ముందు ఆమె ఖాళీ ర్యాంపు ఎక్కి, నడుమ నిలబడి, రెండుసార్లు ఎగిరి చూసేది. ఒకసారి మేస్త్రి ఎగతాళి చేశాడు.

"నువ్వేమన్న ఇంజనీరువా?"

"కాదు. పడేటిదాన్ని."

నాకు ప్రతిదానికీ బెంగే. వాన వస్తుందేమో, రేపు పనికి పిలవరేమో. "నీ పరేషాన్ తూకమేస్తె రెండు సిమెంటు బస్తాలైతది," అనేది.

ఆమె పడిన రోజు చిట్కుల్‌లో మేం వెళ్లేసరికే మాలు కలిపే మిషన్ తిరుగుతోంది. వదిన కొంగు దోపుకుని ఎప్పటిలా ఖాళీగా ఎక్కబోయింది.

"ఏం ముసల్దానా, సర్కస్ చేస్తున్నవా? మాలు గట్టిపడ్తది. ఎగురుడుంటె ఇంటికాడ ఎగురు. రేపటిసంది ఇద్దరు రాకుండ్రి!" అని మేస్త్రి అరిచాడు.

"వదినా, జెర ఊకో. గీ ఒక్కరోజు ఇడిసిపెట్టు," అన్నాను. నేనే అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. "సరే తియ్యి," అని తట్ట నెత్తికెత్తుకుంది.

దాదాపు పై దాకా పోయింది. ఇంకో రెండడుగులు. చెక్క పక్కకు జరిగింది. ఆమె అడుగు తప్పలేదు, చెక్కతో పాటే పోయింది. పోతూ కూడా తట్టను మనుషులు లేని వైపుకు విసిరింది. కింద నిలబడి అంతా చూశాను.

"వయసు మీద పడ్డది, కాలు జారింది," అన్నాడు మేస్త్రి. అక్కడికి పరుగెత్తుకొచ్చిన మా అన్న తల ఊపాడు. ఎలా ఊపాడో నాకు తెలియదు. ఇద్దరి మీదా కోపమే. నా నోటి మీద అంతకన్నా ఎక్కువ.

ఆమెను ఆటోలో ఎక్కించాం. తల నా ఒళ్లో ఉంది. ఆటో కదులుతుంటే వెనక్కి చూశాను. ఒకతను ర్యాంపు పైకొసన గొంతుక్కూర్చుని, ఆ చెక్కకు కొత్త ఇనుప తీగ చుట్టి, పట్కారుతో బిగించి మెలిపెడుతున్నాడు.