కుళాయి దగ్గర నా పరిపాలన

రూలు రాసే కలం, దాన్ని అమలు చేసే ఈల, తగువు తీర్చే పెద్దరికం, ఈ మూడూ ఒకే మనిషికి అప్పగించి ‘మంచివాడే కదా’ అనుకుని మీరెప్పుడైనా నిశ్చింతగా ఉన్నారా? మా సందువాళ్లు ఉన్నారు. ఆ మంచివాణ్ణి నేనే. ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు. రాజాంలో ఒక ట్యుటోరియల్‌లో సివిక్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. మిగతా వేళల్లో ఎవరు దొరికితే వాళ్లతో జాతకాలు అబద్ధమని వాదించేవాణ్ణి. ఓడిన గుర్తు లేదు. (ఎదుటివాళ్లు విసిగిపోయి ఊరుకుంటే దాన్ని గెలుపు కింద జమ వేసుకునేవాణ్ణి.)

మా సందులో పద్దెనిమిది ఇళ్లకి ఒకటే కుళాయి. పొద్దున్న ఐదింటికి నీళ్లు వదిలితే ఆరుంబావుకి ఆగిపోయేవి. మనుషులు రాకముందే వరస తయారయ్యేది: ఒకరి బిందె, ఒకరి ఇటుక ముక్క, ఒకరి తెగిన చెప్పు. ఆ ఇటుక ఫలానా ఇంటివాళ్ల తరఫున నిలబడిందని అందరూ ఒప్పుకోవాలి. ఎవరైనా దాన్ని కాలితో పక్కకి జరిపితే ఇక ఆ పూటంతా తిట్లే. ఒక ఆదివారం సాయంత్రం సందంతా చేరినప్పుడు నేను ముప్పావు గంట ఉపన్యసించాను. ఇటుక మన ప్రతినిధి ఎలా అవుతుంది, అడిగితే జవాబు చెప్పదు, తప్పు చేస్తే సిగ్గుపడదు, కనుక ఒక మనిషిని ఎన్నుకుందాం అన్నాను. చేతులెత్తి నన్నే ఎన్నుకున్నారు. మర్నాడే ఒక నోటుబుక్కూ ఒక ఈలా కొన్నాను.

పదకొండు రూళ్లు రాశాను. నాలుగోది నాకు ప్రాణం: పక్కన మనిషి లేని బిందె వరస చివరికి పోవాలి. రెండు వారాలు సందు ఎంత ప్రశాంతంగా ఉందంటే, నన్ను చూసి నేనే ముచ్చటపడ్డాను. ఆ తర్వాత పళ్లు తోముకుంటూ రోజుకో సవరణ చెయ్యడం మొదలెట్టాను. ఎవరైనా నసిగితే ఈల వేసేవాణ్ణి. ఇంకా నసిగితే అక్కడికక్కడే విచారణ జరిపి, నేను రాసిన రూలు సరైనదేనని తీర్పు చెప్పేవాణ్ణి. (నా తీర్పుల్లో ఒక్కటి కూడా నాకు వ్యతిరేకంగా రాలేదంటే నా నిష్పాక్షికత మీరే ఊహించుకోవచ్చు.)

సందు చివరింట్లో జూట్ మిల్లులో పనిచేసే ఆమె ఉండేది. అందరం మిల్లత్త అనేవాళ్లం. ఆరింటి షిఫ్టు. ఆరు దాటితే గేటు మూసేస్తారు, ఆ రోజుకి పని లేనట్టే. ఒకరోజు ఆమె బిందె వరసలో పెట్టి, పొయ్యి మీది అన్నం పొంగుతోందని ఇంట్లోకి పరిగెత్తింది. నాలుగో రూలు ప్రకారం ఆ బిందెని నేనే మోసుకెళ్లి చివర పెట్టాను. తర్వాత నా బకెట్టుని మూడో స్థానంలో ఉంచి టీ కొట్టుకి వెళ్లి, శని గ్రహానికి మన పెళ్లిళ్లతో ఏం పని అని ఒకాయన్ని నిలదీస్తూ కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి మిల్లత్త నా బకెట్టునే చూస్తూ నిలబడి ఉంది. దీని పక్కన మనిషేడీ అని అడిగింది. నేను కాస్త ఆలోచించి, నాయకుడు ఎక్కడున్నా అందరి పనిమీదే ఉంటాడు గనుక అతని బకెట్టు పక్కన అతను ఉన్నట్టే లెక్క అని తీర్పు చెప్పి, అప్పటికప్పుడు పన్నెండో రూలుగా రాశాను. ఆమె వంతు వచ్చేసరికి ఆరైపోయింది. మిల్లుకి పరిగెత్తి, మూసిన గేటు చూసి వెనక్కొచ్చింది. నేను ట్యుటోరియల్‌కి బయల్దేరుతుంటే గుమ్మంలో ఆపింది. అరవలేదు.

“రూలు రాసినోడివి నువ్వే, బిందె తీసినోడివి నువ్వే, తీరుపు సెప్పినోడివి నువ్వే. మరి నీ మీద పిర్యాదుంటే నానెవులికి సెప్పుకోవాల మాస్టారూ?”

ఆ రోజు నా పాఠం అధికారాల విభజన. (సిలబస్‌కి నా మీద అంత పగ ఉందని అంతకుముందు తెలియదు.) శాసనం చేసేవాడే అమలు చేసి, వాడే న్యాయం చెబితే పౌరుడికి దిక్కుండదు అని బోర్డు మీద సగం రాసి ఆపేశాను. పిల్లలు చివరి మాట కోసం ఎదురుచూశారు. బోర్డు తుడిచేసి తలనొప్పి అన్నాను.

సాయంత్రం మిల్లత్త ఇంటింటికీ తిరిగి అందర్నీ పిలిచింది. నన్ను దించేస్తారనుకుని గొప్ప రాజీనామా ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అది ఎవరికీ అక్కర్లేకపోయింది. రూళ్లు రాయడానికి సందుకి అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ ఆడవాళ్లని ఎన్నుకున్నారు. తగువులు తీర్చే పని మిషన్ ఆసుపత్రిలో చేసి రిటైరైన నర్సమ్మగారికి ఇచ్చారు. ఆవిడ పెరట్లో నుయ్యి ఉంది, కుళాయి నీళ్లతో పని లేదు. నాకు ఈల మిగిలింది. “నీకు గొంతుంది, ఇగ ఈలున్నాది, సాల్దా ఏటి” అంది మిల్లత్త.

నర్సమ్మగారి ముందుకొచ్చిన మొదటి కేసు నాదే. పదిహేను రోజులు మిల్లత్త బిందెలు నేనే పట్టి ఇంటికి మొయ్యాలన్నారు. అప్పీలు ఉంటుందా అని అడిగాను.

“పై కోర్టు ఏసుప్రభువుదే బాబూ. నువ్వు అటేపు రావు గదా.”

మోశాను. సగం నీళ్లు నా చొక్కా మీదే ఒలికేవి. వెనకే నడుస్తూ మిల్లత్త కొన్నైనా బిందెలో ఉంచమనేది. అయితే మర్నెల్లో మేడింటాయన కుళాయికి రబ్బరు గొట్టం తగిలిస్తే నేను ఈల వేశాను. నిన్ను సందులోంచే వెళ్లగొడతానన్నాడు. నేను నేరుగా నర్సమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ నాతో నీళ్లు మోయించినంత తాపీగా ఆయన చేత గొట్టం విప్పించారు. నన్ను శిక్షించిన చోటే నాకు రక్షణ దొరికింది. పని కొంచెం నెమ్మదించిన మాట నిజం, నలుగురు ఆడవాళ్లు ఒక రూలు మీద రెండు ఆదివారాలు కూర్చునేవారు. కానీ ఆ తర్వాత ఆ సందులో ఎవరికీ షిఫ్టు తప్పలేదు.

తడిసిన చొక్కాతో, మెళ్లో ఈలతో బిందె మోసే ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. వాడు చెడ్డవాడు కాదు, అదే ప్రమాదం. అందుకని ఈ వారమే వెళ్లండి, అపార్ట్‌మెంటు సంఘమో, గుడి కమిటీయో, గ్రామసభో, మీకు ఏది దగ్గరైతే అక్కడికి. నిలబడి, మీ మీదే ఫిర్యాదుంటే మేం ఎవరికి చెప్పుకోవాలి అని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి.