డ్రాయింగు మాస్టారి పధ్నాలుగో రాజీనామా

మా డ్రాయింగు మాస్టారికి ఒకటే జబ్బు: రాజీనామా. ఉద్యోగానికి కాదు లెండి, ఉద్యోగుల సంఘానికి. నాకు తెలిసి పదమూడుసార్లు ఇచ్చాడు. పదమూడుసార్లూ సంఘంలోనే మిగిలాడు.

మా సంఘంలో చేరడానికి ఒక్క సంతకం చాలు. బయటపడ్డానికి మాత్రం ప్రాణం పోయినా చాలదు. కన్నుమూసిన సైన్సు మాస్టారికి ఇప్పటికీ మీటింగు నోటీసు వెళుతోంది, "ఈసారైనా తప్పక హాజరుకండి" అని.

మొదటి రాజీనామా చూసి కార్యదర్శి, "కారణం రాయలేదే!" అన్నాడు. రెండోసారి నాలుగు పేజీల కారణాలు రాస్తే, "ఇన్నా? కోపంలో ఉన్నారు. చల్లబడి రండి" అన్నాడు. విసుగెత్తి మాస్టారు బొమ్మే గీసిచ్చాడు: ఒక తలుపు, అందులోంచి బయటికి పోతున్న తను. కార్యదర్శి కళ్లజోడు సవరించుకుని, "తలుపుకి గడియ లేదు మాస్టారూ, ఇది చెల్లదు" అన్నాడు.

"బయటికెళ్లి ఏం ఉద్ధరిస్తావయ్యా?" అని నేనడిగితే, "ముందు దారుందో లేదో చూడనివ్వండి" అనేవాడు. పిచ్చి ముదిరిందనుకున్నాం.

చివరికి కార్యదర్శి ఓ నిబంధన బయటికి తీశాడు. రాజీనామా పత్రం స్కూళ్లు తెరిచిన మొదటి వారంలో, రెండింటికీ నాలుగింటికీ మధ్య, ఇద్దరు సాక్షుల ముందు కార్యదర్శి చేతికి అందాలట. సరిగ్గా ఆ వారమే ఏటా ఆయనకి నడుం నొప్పి. ఇంట్లో పడుకుని గడియ పెట్టుకుంటాడు.

ఈసారి ఆ వారంలోనే మాస్టారు నన్ను వెంటబెట్టుకెళ్లి కార్యదర్శి ఇంటి తలుపు తట్టాడు.

"ఎవరూ?"

"నేనండీ, డ్రాయింగు."

"అమ్మో, నడుం! లేవలేను!"

"అయ్యో! సంఘం ఆఫీసు గోడకి మీ బొమ్మ గీద్దామని వచ్చానండీ. పోన్లెండి."

తలుపు తెరుచుకుంది. ఆ నడుం గంటసేపు కర్రలా నిటారుగా నిలబడింది.

"ముక్కు కాస్త తగ్గించవయ్యా."

"తగ్గించానండీ."

"జుట్టు కూడా పెట్టెయ్ అన్నయ్యా, అడగలేక అవస్థ పడుతున్నారు," అంది కార్యదర్శి భార్య లోపల్నుంచి వస్తూ.

బొమ్మ చేతికందుకుని కార్యదర్శి మురిసిపోయాడు. మాస్టారు అడిగిందే తడవు, కింద సంతకం పెట్టి తేదీ, టైము కూడా వేశాడు. మూడుంపావు.

"ఇప్పుడు వెనక్కి తిప్పండి," అన్నాడు మాస్టారు.

వెనక రాజీనామా!

"మోసం! సాక్షులేరీ?"

"నేనున్నాగా. నా కళ్లముందే పుచ్చుకున్నారు, పైగా పళ్లికిలించుకుంటూ," అంది భార్య. నేనూ చెయ్యెత్తాను.

కార్యదర్శి చివరిదాకా చదివి తెల్లబోయాడు. అక్కడున్నది మాస్టారి సంతకం కాదు, వేలిముద్ర. మా స్కూలు ఊడ్చే ఆయమ్మది. ఆరు రోజులు స్కూలూ, ఆదివారం 'సభ్యురాలి బాధ్యత' అనే పేరుతో ఉత్తినే సంఘం ఆఫీసూ ఊడ్చేది పాపం. "నా ఆదివారం నాకిప్పించండి బాబూ" అని మాస్టారి దగ్గర ఏడ్చిందట. ఆమె కాగితం ఎక్కడ ఆపుతారో కనిపెట్టడానికే ఈయన తన కాగితాలు ముందు పంపించి చూశాడట, ఒకటి కాదు, పదమూడు!

వీధిలోకొచ్చాక, "మరి నీ రాజీనామా?" అన్నాను.

"నేనెందుకు పోతానండీ!" అన్నాడు మాస్టారు, పెన్సిలు జేబులో పెట్టుకుంటూ. "ఇకమీదట ఆఫీసు ఊడ్చేదెవరని మీటింగులో లేచి అడగాలంటే, సభ్యుడినై ఉండాలి కదా!"